నల్గొండ నుంచి ఇండిపెండెంటుగా ఎందుకు: తరచుగా అడిగే ప్రశ్నలు

వచ్చే లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానం నుంచి ఏ పార్టీ తరఫునా కాకుండా స్వతంత్ర అభ్యర్థిగా నిలబడాలని నిర్ణయించుకున్నప్పటి నుంచి దేవరకొండ, చందంపేట, పీఏ పల్లి మండలాల్లో నేను కూర్చున్న ప్రతి అరుగు మీదా దాదాపు ఇవే ప్రశ్నలు ఎదురవుతున్నాయి. అడిగినవారి మాటల్లోనే వాటిని ఇక్కడ పెట్టి, నాకు ఇబ్బంది కలిగించే చోట కూడా దాటవేయకుండా జవాబులు రాశాను.

టికెట్టు దొరకకపోవడం వల్లే ఇండిపెండెంటుగా నిలబడుతున్నారా?

నేను ఏ పార్టీనీ టికెట్టు అడగలేదు. పార్టీ అభ్యర్థికి ప్రాణం బీ-ఫారం, అంటే ఇతనే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే కాగితం. ఆ కాగితం మీద సంతకం పెట్టే అధికారం నియోజకవర్గంలో ఎవరికీ ఉండదు. అది హైదరాబాద్ నుంచో ఢిల్లీ నుంచో వస్తుంది, నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు రిటర్నింగ్ అధికారికి చేరితే చాలు. నాయకులు ఆ మధ్యాహ్నం దాకా ఫోన్లు పట్టుకొని ఎదురుచూడడం మనం ప్రతి ఎన్నికలోనూ చూస్తున్నదే. బీ-ఫారం ఇచ్చినవారు ఈసారి ఇవ్వరేమోనన్న భయం, ఓటు వేసినవారు ఈసారి వేయరేమోనన్న భయం కంటే పెద్దదైనప్పుడు, గెలిచిన మనిషి ఎంత మంచివాడైనా ముందుగా ఎవరి ముఖం చూస్తాడో వేరే చెప్పనక్కర్లేదు. నా వాదన మొత్తం ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది. ఇప్పటిదాకా గెలిచినవారు చెడ్డవారని నేను అనడం లేదు. వారు జవాబు చెప్పుకోవలసిన చోటు ఈ ప్రాంతంలో లేదని అంటున్నాను.

పార్టీ లేని మనిషికి ఓటు వేయడం పల్లెకు కొత్తా కాదు. మన సర్పంచ్ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండానే జరుగుతాయి. ఎవరి వెనక ఏ పార్టీ ఉందో ఊరందరికీ తెలిసినా, ఓటు మనిషిని చూసే వేస్తారు, రేపు వీధి దీపం వెలగకపోతే ఆ మనిషి ఇంటికే వెళ్లి అడుగుతారు.

ఎంపీ ఉన్నారు, ఎమ్మెల్యేలు ఉన్నారు. ప్రాతినిధ్యం లేదని ఎలా అంటారు?

సంఖ్య విషయంలో మనకు అన్యాయం జరగలేదు. నిజానికి లెక్క తీస్తే నగరానికే తక్కువ. 2024లో మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలో 37 లక్షలకు పైగా ఓటర్లు ఉంటే నల్గొండలో 17 లక్షల చిల్లర ఉన్నారు. ఇద్దరికీ ఒక్కొక్క ఎంపీయే. పల్లెలకు సీట్లు తక్కువయ్యాయని ఊరూరా చెప్పుకుంటే చప్పట్లు పడతాయేమో గానీ అది నిజం కాదు కనుక నేను చెప్పను.

మన కొరత వేరు. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి పండింది, రైసు మిల్లులు వచ్చాయి. డ్యాము గడపలోనే ఉన్న దేవరకొండ వైపు మాత్రం నేల ఎత్తుగా ఉండడం వల్ల నీళ్లు ఎక్కలేదు. అక్కడ చాలా భాగం నేటికీ వానను, బోరును, పత్తిని నమ్ముకొని బతుకుతోంది. నీరు పల్లానికి పోవడంలో ఎవరి తప్పూ లేదు. అయితే అదే సాగర్ వెనక జలాలను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి జలాశయంలో నింపి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, గొట్టాల్లో హైదరాబాద్‌కు తాగునీరుగా పంపగలిగారు. నగరానికి నీళ్లు వద్దని నేను అనను, మన పిల్లలూ అక్కడే బతుకుతున్నారు. నీరు ఎత్తుకు ఎక్కదన్న మాట ఇంజనీరింగ్ సమస్య కాదని, ఎవరి కోసం ఎక్కించాలో నిర్ణయించే చోట మన మనిషి గట్టిగా కూర్చోకపోవడమే సమస్య అని ఆ గొట్టాలను చూసిన ఎవరికైనా అర్థమవుతుంది.

శ్రీశైలం నుంచి కొండ కింద సొరంగం తవ్వి నీటిని తెచ్చే పనే తీసుకోండి. దాదాపు 44 కిలోమీటర్ల ఆ సొరంగం ఇరవై ఏళ్లుగా తవ్వుతూనే ఉన్నారు. 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి 8 మంది లోపల చిక్కుకుపోయారు. ఆ ఇరవై ఏళ్లలో రాష్ట్రంలో ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రమే మారింది. అధికారంలో ఉన్నప్పుడు మౌనంగా ఉండి ప్రతిపక్షంలోకి రాగానే సొరంగం గురించి మాట్లాడే అలవాటు మాత్రం మారలేదు, అది ఏ ఒక్క కండువాకో పరిమితమూ కాదు.

సాగునీరు రాష్ట్రం చూసుకునే పని. ఎంపీగా మీరు చేసేదేమిటి?

కాలువ తవ్వించడం ఎంపీ చేతిలో లేదు, తవ్విస్తానని నేను చెప్పడం లేదు. కానీ కృష్ణా నది నాలుగు రాష్ట్రాల గుండా పారే నది. అంతర్రాష్ట్ర నదీజల వివాదాల చట్టం 1956 కింద ట్రైబ్యునల్‌ను వేసేది కేంద్రం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య వాటాలు తేల్చే బాధ్యతను 2023 అక్టోబర్‌లో బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్‌కు అప్పగించిందీ కేంద్రమే. తీర్పు వచ్చే దాకా ఎగువ ప్రాంత పథకాలకు నీటి కేటాయింపు లేదన్న మాట ప్రతి ఫైలు మీదా అడ్డం పడుతూనే ఉంటుంది.

ఇక పత్తి. మద్దతు ధర నిర్ణయించేది కేంద్రం, పత్తి కొనే సీసీఐ కేంద్రాలను నడిపేది కేంద్రం, దిగుమతి సుంకం వేసేదీ ఎత్తేసేదీ కేంద్రమే. 2025 ఆగస్టులో పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని తాత్కాలికంగా ఎత్తేసినప్పుడు మన చేలలో పత్తి ఇంకా కాయ దశకు కూడా రాలేదు. తరువాత ఆ మినహాయింపును సంవత్సరాంతం దాకా, అంటే సరిగ్గా మన పత్తి మార్కెట్టుకు వచ్చే రోజుల దాకా పొడిగించారు. ఇలాంటి నిర్ణయం మీద ఆ రోజే లేచి అడగడం ఎంపీ పని.

543 మందిలో ఒక్కరు ఏం చేయగలరు?

ప్రభుత్వాన్ని పడగొట్టలేరు, చట్టం చేయించలేరు. ప్రైవేటు సభ్యుల బిల్లుల మీద, అంటే మంత్రులు కాని సభ్యులు తెచ్చే బిల్లుల మీద ఆశలు పెట్టుకోవద్దు. స్వాతంత్ర్యం వచ్చాక పార్లమెంటు ఆమోదించినవి 14 మాత్రమే, చివరిది 1970లో. చర్చల్లో మాట్లాడే సమయాన్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు కనుక ఒంటరి సభ్యునికి దక్కేది రెండు మూడు నిమిషాలు. ఇది దాచవలసిన విషయం కాదు.

దీనికి రెండో వైపు ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. లోక్‌సభలో రోజుకు నక్షత్ర గుర్తు ప్రశ్నలు (సభలో నోటితో జవాబిచ్చేవి) 20, గుర్తు లేనివి (రాతలో జవాబిచ్చేవి) 230 తీసుకుంటారు. ఎవరి ప్రశ్న వస్తుందన్నది లాటరీ తీసి తేలుస్తారు. ఆ లాటరీ డబ్బాకు పార్టీ పేరు తెలియదు. రాతపూర్వకంగా మంత్రి ఇచ్చిన జవాబు సభ రికార్డులో ఉండిపోతుంది, దాన్ని పట్టుకొని కలెక్టరేట్‌లోనూ హైకోర్టులోనూ నిలబడవచ్చు. నోటీసు 15 రోజుల ముందు ఇవ్వాలి, ప్రశ్న సూటిగా ఉండాలి, అడిగే మనిషికి ఊరి సంగతి తెలిసి ఉండాలి, అంతే. ఐదేళ్లు ఓపికగా ఈ పని చేస్తే ఒక ప్రాంతం గురించి ప్రభుత్వం దగ్గర ఉన్న కాగితమంతా బయటికి వస్తుంది.

ఓటింగ్ సంగతి ఇంకొకటి. 1985లో 52వ సవరణతో పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చినప్పటి నుంచి, పార్టీ విప్‌కు (ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశానికి) వ్యతిరేకంగా ఓటు వేసిన సభ్యుని సభ్యత్వం పోవచ్చు. స్వతంత్ర సభ్యునికి విప్ లేదు. మన ప్రాంతానికి నష్టం చేసే బిల్లు మీద వ్యతిరేకంగా ఓటు వేసి, మేలు చేసే బిల్లును అదే ప్రభుత్వం తెచ్చినా సమర్థించగలిగేది అతనొక్కడే.

1996లో 480 మంది నిలబడ్డారు కదా, ఏం ఒరిగింది?

ఈ ప్రశ్న అడిగేవారిలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. ఫ్లోరైడ్ నీళ్లు తాగి దంతాలు గారపట్టి, మోకాళ్లు వంకర తిరిగి, నలభై ఏళ్లకే కర్ర పట్టుకున్న మనుషులున్న పల్లెలు తమ గోడు ఎవరూ వినడం లేదని 1996 లోక్‌సభ ఎన్నికల్లో నామినేషన్లు వేశాయి. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదన్నది ప్రమాణం. అక్కడి బోర్లలో చాలావాటి నీరు దాన్ని ఎప్పుడో దాటిపోయింది. జలసాధన సమితి నడిపిన ఆ ఉద్యమం వల్ల నల్గొండ బరిలో 480 మంది అభ్యర్థులు నిలిచారు. అంతమంది పేర్లకు బ్యాలెట్ కాగితం చాలక పోలింగ్ వాయిదా పడింది, తరువాత బ్యాలెట్‌ను పుస్తకంలా కుట్టించి ఎన్నిక జరిపారు.

ఆ పుస్తకం నా చేతిలోకి వచ్చినప్పుడు నాకు ఓటు వచ్చి రెండేళ్లయింది. చాటు అట్ట వెనక నిలబడి పేజీలు తిప్పుతుంటే మా వాడకట్టు మనుషుల పేర్లు ఒకదాని కింద ఒకటి, పక్కన ఎప్పుడూ చూడని గుర్తులు. నా తరువాత వెళ్లిన ముసలాయన వేళ్లు సరిగా ముడుచుకోక పేజీ తిప్పలేక చాలాసేపు లోపలే ఉండిపోయాడు. వేళ్లు అలా కావడానికి కారణమేదో ఆ పుస్తకం అంత లావుగా ఉండడానికీ కారణం అదే.

గెలిచింది సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. స్వతంత్రుల్లో ఒక్కరూ గెలవలేదు. కానీ నల్గొండ ఫ్లోరైడ్ గురించి దేశమంతా మాట్లాడింది ఆ తరువాతే. కృష్ణా నీళ్లు గొట్టాల ద్వారా ఆ పల్లెలకు చేరాయి, 2016లో మొదలైన మిషన్ భగీరథ ఆ పనిని ఇంటింటికీ తీసుకుపోయింది. వంగిన ఎముకలు మాత్రం తిరిగి నిటారు కాలేదు.

రాజ్యం అందరికంటే ముందు స్పందించింది ఇంకో విధంగా. ఆ ఏడాది దేశమంతటా 13,952 మంది పోటీ చేస్తే అందులో 10,635 మంది స్వతంత్రులే. వెంటనే చట్టం మార్చి లోక్‌సభ ధరావతును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు (ఇప్పుడది 25,000), గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక ప్రతిపాదకుడు (నామినేషన్‌పై సంతకం చేసే ఓటరు) చాలు, మిగతావారికి పదిమంది ఉండాలన్నారు. 1998లో మొత్తం అభ్యర్థులు 4,750కి పడిపోయారు. నీళ్లు రావడానికి ఏళ్లు పట్టింది, ధరావతు పెరగడానికి నెలలు చాలాయి.

నిజామాబాద్ రైతులు చేసింది కూడా ఇదేనా?

దాదాపు ఇదే. 2019లో పసుపు బోర్డు కోసం, గిట్టుబాటు ధర కోసం 178 మంది రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. నోటాతో కలిపి ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పెట్టవలసి వచ్చింది. అందరూ పూర్తి ధరావతు కట్టారనుకుంటే రైతులు పెట్టిన సొమ్ము సుమారు 44 లక్షలు. పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది. ఆరేళ్ల ముందు ఆ రైతులు వరుసలో నిలబడకపోయి ఉంటే ఆ మాట ఢిల్లీలో ఎవరికీ గుర్తుండేది కాదని నా నమ్మకం.

అయితే నేను ఎంచుకున్నది ఆ దారి కాదు. వందల మంది నిలబడితే అది నిరసన, దాన్ని గెలవడం కోసం చేయరు. నేను గెలవడానికి నిలబడుతున్నాను, ఒక్క పేరుగా.

గెలిచాక మీరూ కండువా కప్పుకోరని నమ్మకమేమిటి?

చట్టం ఇక్కడ నా వైపు ఉంది, పార్టీ సభ్యుల కంటే నన్నే గట్టిగా కట్టేస్తుంది. పదో షెడ్యూలు ప్రకారం స్వతంత్రంగా ఎన్నికైన సభ్యుడు ఆ తరువాత ఏ పార్టీలో చేరినా అనర్హుడవుతాడు. మూడింట రెండు వంతుల మంది కలిసి విలీనమయ్యామని చెప్పుకొనే వెసులుబాటు పార్టీవారికి ఉంది, ఒంటరివాడికి లేదు.

చట్టంలో చిల్లు కూడా ఉంది. కండువా కప్పుకోకుండా బయటి నుంచి మద్దతు ఇవ్వవచ్చు. అనర్హత మీద నిర్ణయించేది స్పీకర్, ఎన్నాళ్లలో తేల్చాలో షెడ్యూల్లో రాయలేదు. ఎంపీని మధ్యలో వెనక్కి పిలిచే హక్కు మన దేశంలో ఓటరుకు లేదు. స్టాంపు కాగితం మీద రాసిస్తారా అని ఒక తండాలో అడిగారు. రాసివ్వడానికి అభ్యంతరం లేదు గానీ అది ఏ కోర్టులోనూ చెల్లదని ఆ పెద్దమనిషికే చెప్పాను. బాండు పేపరు మీది హామీలను నిజామాబాద్ ఇప్పటికే చూసింది. ఎవరికి మద్దతు ఇవ్వాలన్న ప్రశ్న వస్తే కారణాన్ని ముందు ఇక్కడ ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లలోనూ బహిరంగంగా చెప్పి, ఆ తరువాతే సభలో చేయి ఎత్తుతాను. దానికి నా మాట తప్ప వేరే పూచీ లేదు.

మీరు నిలబడితే ఓట్లు చీలి మరొకరు లాభపడరా?

పడవచ్చు. కానీ చీలడానికి అవి ముందుగా ఒకరి సొత్తు అయి ఉండాలి కదా.

స్వతంత్రులను పోటీకే రానివ్వకూడదని లా కమిషన్ చెప్పింది నిజమేనా?

నిజమే. 1999 నాటి 170వ నివేదికలోనూ, 2015 నాటి 255వ నివేదికలోనూ లా కమిషన్ ఆ మాటే చెప్పింది. స్వతంత్రుల్లో చాలామంది ప్రచారం కోసమో, బలమైన అభ్యర్థి పేరును పోలిన పేరుతో ఓటరును తికమక పెట్టడానికో, పెద్ద అభ్యర్థులకు డమ్మీలుగానో నిలబడతారన్న ఆరోపణ అబద్ధమేమీ కాదు. అలాంటివారిని మన దగ్గరా చూశాం. కానీ రోగానికి సూచించిన మందు మరీ పెద్దది. పార్టీలు తమలో అభ్యర్థిని ఓటేసి ఎన్నుకొనే పద్ధతి పాటిస్తే నేనూ ఆలోచించేవాడిని. ఆ తలుపు మూసి ఉన్నప్పుడు కిటికీ కూడా మూయమనడం సరి కాదు. 1957లో 42 మంది స్వతంత్రులు లోక్‌సభకు గెలిచారు. 2019లో నలుగురు, 2024లో ఏడుగురు. దారి ఇప్పటికే ఇరుకైంది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షలు. నా దగ్గర అందులో పదో వంతు కూడా లేదు. విరాళాలు తీసుకుంటాను, ఎన్నికల కోసం తెరిచే ప్రత్యేక బ్యాంకు ఖాతాలోనే జమ చేస్తాను, ఖర్చు రిజిస్టరు ఎవరు అడిగినా చూపిస్తాను. ఫలితాలు వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పగించకపోతే మూడేళ్ల అనర్హత ఎటూ ఉంది. పార్టీకి విరాళం ఇస్తే ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంటుంది, నాకు ఇస్తే ఉండదు.

నియమాలు ఎటు మొగ్గుతాయో కూడా తెలుసుకోండి. గుర్తింపు పొందిన పార్టీలకు నలభై మంది స్టార్ క్యాంపెయినర్లు ఉంటారు, వారి ప్రయాణ ఖర్చు అభ్యర్థి లెక్కలోకి రాదు. నేను ఆటోలో తిరిగినా నా లెక్కలోకే వస్తుంది. ఓటర్ల జాబితా గుర్తింపు పార్టీ అభ్యర్థికి ఉచితం, నేను కొనుక్కోవాలి. ఆకాశవాణి, దూరదర్శన్‌లలో సమయం వారికే. ఈవీఎం మీద ముందు గుర్తింపు పార్టీల పేర్లు, తరువాత నమోదైన ఇతర పార్టీలవి, అన్నిటికంటే కింద మావి.

అసలు ఇబ్బంది డబ్బు కూడా కాదు, ఆ పదిమంది ప్రతిపాదకులు. సంతకం చేయలేనివారు రిటర్నింగ్ అధికారి ఎదుటో, ఎన్నికల సంఘం నిర్దేశించిన అధికారి ఎదుటో వేలిముద్ర వేయాలి. చందంపేట తండా నుంచి పత్తి తీతల రోజుల్లో ఒక మనిషి నల్గొండ దాకా వచ్చిపోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. సంతకం వచ్చినవారినే చూసుకొమ్మని స్నేహితులు సలహా ఇచ్చారు. కనీసం నలుగురైనా వేలిముద్ర వేసేవారే ఉండాలని నేను పట్టుబట్టాను, ఇందులో కొంత మొండితనం ఉందని ఒప్పుకుంటాను.

మీ ఓటు ఈ నియోజకవర్గంలో లేదట కదా?

లేదు. మునుగోడు వైపున్న మా ఊరు 2008లో సరిహద్దులు మారినప్పుడు భువనగిరి స్థానంలోకి వెళ్లింది. లోక్‌సభకు దేశంలో ఎక్కడ ఓటు ఉన్నా పోటీ చేయవచ్చు. ఒకే కరువు, ఒకే ఫ్లోరైడ్ ఉన్న మునుగోడును, దేవరకొండను రెండు స్థానాలకు పంచిన గీత అది. నేను ఆ గీతకు అవతలివాడినే గానీ పరాయివాడిని కాను.

మీరు ఆయకట్టు రైతులకు వ్యతిరేకమా?

కాదు. కాలువ చివరి భూములకు నీళ్లు అందక కోదాడ వైపు రైతు పడే బాధ, బోరు ఎండిన దేవరకొండ రైతు బాధ కంటే తక్కువది కాదు. ఏడు సెగ్మెంట్లలో ఎక్కువ భాగం ఆయకట్టు ప్రాంతమే కనుక వారి ఓటు లేకుండా గెలిచే లెక్క కూడా నా దగ్గర లేదు.

ఎంపీ నిధులు ఎలా ఖర్చు పెడతారు?

ఏడాదికి 5 కోట్లు. పనిని సిఫారసు చేయడమే ఎంపీ వంతు, మంజూరు చేసి చేయించేది జిల్లా యంత్రాంగం. ఏడు సెగ్మెంట్లకు పంచితే ఒక్కోదానికి 71 లక్షల చొప్పున వస్తుంది. కమ్యూనిటీ హాళ్లకు నేను సిఫారసు చేయను.

నియోజకవర్గాల పునర్విభజన జరిగితే?

2001లో 84వ సవరణ పెట్టిన గడువు ప్రకారం 2026 తరువాతి మొదటి జనగణనతో సీట్ల లెక్క మళ్లీ తెరుచుకుంటుంది, 2023 నాటి 106వ సవరణ ప్రకారం మూడో వంతు సీట్లు మహిళలకు వెళతాయి. ఈ స్థానం అలా రిజర్వు అయితే నేను తప్పుకొని, ఇప్పటికే మాతో ఊరూరా తిరుగుతున్న మహిళల్లో ఒకరిని నిలబెడతాం. మునుగోడును, దేవరకొండను మళ్లీ ఒకే స్థానంలోకి తేవాలని కమిషన్ ముందు అభ్యంతరం దాఖలు చేయడం మాత్రం ఎవరు నిలబడినా జరుగుతుంది.

మీ గుర్తు ఏమిటి?

ఇంకా లేదు. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాకే రిటర్నింగ్ అధికారి స్వేచ్ఛా చిహ్నాల్లోంచి కేటాయిస్తారు. మూడు కోరుకోవచ్చు, ఇద్దరు ఒకటే అడిగితే లాటరీ తీస్తారు. ఆ రోజు నుంచి పోలింగ్‌కు రెండు వారాలకు అటూ ఇటూగానే సమయం ఉంటుంది. ఆ లోపల గుర్తును ప్రతి తండాకూ తీసుకుపోవడానికి ద్విచక్ర వాహనం ఉన్న మనుషులు కావాలి, పెట్రోలు లెక్క మాత్రం రిజిస్టరులో రాయించాలి.